వీధి పిల్లికి ఎమర్జెన్సీ వస్తే: చేతిలో ఉన్న డబ్బుతోనే వైద్యం మొదలుపెట్టడం ఎలా

వీధి పిల్లికి బండి తగిలిందంటే చుట్టూ చేరిన జనం ముందు మాట్లాడేది ఖర్చు గురించే. "ఇరవై వేలు అవుద్దట" అని ఎవరో అంటారు. ఆ మాట విన్నాక ఎవరికీ చేతులు రావు, పిల్లి ఆ మూలనే ఉండిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ ఇరవై వేలు ఒక్కసారే అక్కర్లేదు. మొదటి రాత్రికి కావలసిన డబ్బు వేరు, ఆ తర్వాత కావలసిన డబ్బు వేరు. మొదటి రాత్రికి కావలసింది చాలాసార్లు వెయ్యి రూపాయల లోపే ఉంటుంది. ఆ వెయ్యితో ప్రాణం నిలబడితే, మిగతాది కూడబెట్టడానికి మనకు కొన్ని రోజులు దొరుకుతాయి.

మాది ఒడిశాలోని రాయగడ. నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, స్కూల్ యూనిఫారాలు కుడతాను. నా సంపాదన ఇంటి ఖర్చుకి సరిపోతుంది, అంతే. మా ఊళ్ళో రాత్రి తొమ్మిది తర్వాత తెరిచి ఉండే జంతువుల క్లినిక్ లేదు. పెద్ద ఆపరేషన్ ఏదైనా ఉంటే పార్వతీపురం దాటి విజయనగరం, విశాఖ వైపు వెళ్ళాలి. కాబట్టి నేను రాసేది పెద్ద ఊళ్ళ వాళ్ళ కోసం కాదు. సరిహద్దు ఊళ్ళలో, రెండు రాష్ట్రాల మధ్య, చేతిలో తక్కువ డబ్బుతో నిలబడ్డ వాళ్ళ కోసం.

ఇప్పుడే వెళ్ళాలా, తెల్లారేదాకా ఆగొచ్చా

డబ్బు మిగలాలన్నా, ప్రాణం మిగలాలన్నా ముందు తేల్చుకోవలసింది ఇదే. అన్నింటికీ అర్ధరాత్రి కారు మాట్లాడుకుని పరిగెత్తితే ఆ డబ్బు కారుకే పోతుంది. ఆగకూడని దానికి ఆగితే పిల్లి పోతుంది.

అసలు ఆగకూడనివి చెప్తాను. పిల్లి నోరు తెరుచుకుని కుక్కలా రొప్పుతుంటే ఆగకండి. పిల్లులు మామూలుగా నోటితో ఊపిరి తీసుకోవు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయినా, నీలంగా మారినా ఆగకండి. పెదవి కాస్త పైకెత్తితే కనిపిస్తాయి, ఆరోగ్యంగా ఉన్న పిల్లికి లేత గులాబీ రంగులో ఉంటాయి. ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పుతున్నా, ఫిట్స్ వచ్చినా, కడుపు చీలి పేగు కనిపిస్తున్నా అంతే. పేగు బయటికొస్తే లోపలికి నెట్టకండి. ఉప్పునీళ్ళ సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకెళ్ళండి.

ఇంకొకటి ఉంది. దీన్ని చాలామంది గుర్తుపట్టరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. గండుపిల్లి మాటిమాటికీ ఉచ్చకి కూర్చుని ముక్కుతూ, ఒక్క చుక్క కూడా రాక అరుస్తుంటే, అది మలబద్ధకం కాదు. మూత్రనాళం మూసుకుపోయింది. మగ పిల్లులకి ఆ నాళం చాలా సన్నం, చిన్న స్ఫటికాలూ జిగురూ చేరినా అడ్డం పడుతుంది. మూత్రం బయటికి రాకపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. మా వైపు ముసలివాళ్ళు మలబద్ధకం అనుకుని ఆముదం పట్టిస్తారు, ఈలోపు ఉన్న సమయం కాస్తా పోతుంది. పొట్ట కింది భాగంలో నిమ్మకాయంత గట్టిగా ఉబ్బి తగిలితే నొక్కకండి, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మొదటి రోజే వెళ్తే మత్తిచ్చి గొట్టం వేసి తీయడంతో గండం గడుస్తుంది. మూడో రోజు వెళ్తే రక్త పరీక్షలు, రోజుల తరబడి సెలైన్లు, నాలుగింతల బిల్లు. అప్పటికీ బతుకుతుందని నమ్మకం ఉండదు.

తెల్లారేదాకా ఆగగలిగేవీ ఉన్నాయి. కుంటుతోంది కానీ తింటోంది, మూత్రం పోస్తోంది అంటే ఆగొచ్చు. గండుపిల్లులు కొట్టుకున్నాక చెంప మీదో తోక మొదట్లోనో లేచే చీముగడ్డకి ఆగొచ్చు. అది చూడటానికి భయంగా ఉంటుంది, చితికి వాసన వస్తుంది, కానీ వైద్యం చవకైనదే: చీము తీసి, కడిగి, యాంటీబయాటిక్ ఇస్తారు. కళ్ళల్లో పుసులు, జలుబు కూడా ఉదయం గవర్నమెంట్ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. పిల్లి కూన అయితే మాత్రం ఈ లెక్కలు పనికిరావు. వాంతులూ విరేచనాలూ కలిసి వచ్చిన కూన ఒక్క రాత్రిలో ఎండిపోతుంది. కుక్కలకి వచ్చే పార్వోలాంటి పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ టీకా వేయని కూనల్ని అలాగే తీసుకెళ్ళిపోతుంది.

ఇంట్లో చేసే వైద్యం వల్ల పెరిగే బిల్లు

పారాసెటమాల్ ఇవ్వకండి. పిల్లలకి పట్టే సిరప్ కూడా ఇవ్వకండి. మనుషుల కాలేయం ఆ మందుని ఏ దారిన బయటికి పంపుతుందో ఆ దారి పిల్లి ఒంట్లో చాలా బలహీనం. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చాలు చంపడానికి. చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. ఎవరైనా అప్పటికే వేసేసి ఉంటే డాక్టరుకి ఆ మాట మొదట చెప్పండి. దానికి విరుగుడుగా వాడే ఎన్-అసిటైల్ సిస్టీన్ మనుషుల మందుల షాపుల్లో దొరుకుతుంది, కానీ ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటి ఏ నొప్పి మాత్రా సొంతంగా వేయకండి.

పుండులో పురుగులు పడితే టర్పెంటైన్ నూనె పోయడం పశువుల దగ్గర మనం చూసి నేర్చుకున్నది. పిల్లికి పోయకండి. ఫినాయిల్, కిరసనాయిలు కూడా వద్దు. పిల్లి ఒళ్ళు నాక్కుంటుంది, మనం పోసిన ప్రతి చుక్కా కడుపులోకి వెళ్తుంది. పసుపు మెత్తడం వల్ల విషం కాకపోయినా, గాయం ఎంత లోతుందో డాక్టరుకి కనిపించకుండా పోతుంది. సెలైన్‌తో కడిగి, లేత టీ రంగు వచ్చేలా నీళ్ళలో కలిపిన బెటాడిన్ అద్దితే ఆ పూటకి చాలు.

దెబ్బ తగిలి పడుకున్న పిల్లి నోట్లో పాలు పోయకండి. మింగలేని స్థితిలో అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, అప్పుడు ఎముక దెబ్బకి తోడు న్యుమోనియా వస్తుంది. చల్లబడ్డ ఒంటికి వెచ్చదనం కావాలి. గోరువెచ్చటి నీళ్ళు నింపిన సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి.

తీసుకెళ్ళడానికి కేరియర్ కొనక్కర్లేదు. రెండు వెదురు గంపలు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో కట్టినా, గాలి పోయేలా కన్నాలు పెట్టిన అట్టపెట్టె అయినా సరిపోతుంది. పైన గుడ్డ కప్పి చీకటి చేస్తే పిల్లి స్థిమితపడుతుంది. వెన్నుకి దెబ్బ తగిలిందేమో అనిపిస్తే చంకలు పట్టి ఎత్తకుండా, గట్టి అట్ట మీదికి జరిపి అట్టతో సహా ఎత్తండి.

మిమ్మల్ని కరిచినా రక్కినా ఆ చోటుని పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. ఆ రోజే గవర్నమెంట్ ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ రేబీస్ టీకా ఉచితం. చర్మంలో వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన కాటుకి ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి, అడగండి. "చిన్న పిల్లే కదా" అని ఊరుకోవద్దు.

ఎక్కడికి

ముందు గవర్నమెంట్ పశువుల ఆసుపత్రికే వెళ్ళండి. పేరు పశువులది కాబట్టి పిల్లిని చూడరు అనుకుంటారు చాలామంది. చూస్తారు. ఒడిశాలో ప్రతి బ్లాకులో వెటర్నరీ డిస్పెన్సరీ, దానికో డాక్టరు ఉంటారు. ఇంకా చిన్న ఊళ్ళలో లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్ ఉంటుంది, అక్కడ ఉండేది ఇన్‌స్పెక్టరు, డాక్టరు కాదు. ఎమర్జెన్సీకి నేరుగా డాక్టరున్న చోటికి వెళ్ళడమే మంచిది. జిల్లా మొత్తానికి పెద్దాయన చీఫ్ డిస్ట్రిక్ట్ వెటర్నరీ ఆఫీసరు. మా వైపు అందరూ సీడీవీఓ అనే అంటారు. ఆ ఆఫీసు నంబరు మామూలు రోజుల్లోనే అడిగి రాసిపెట్టుకోండి, అర్ధరాత్రి వెతకడం కుదరదు. సంచార పశువైద్య వాహనాల టోల్‌ఫ్రీ నంబరు 1962. ఆ బండి ముఖ్యంగా పాడి రైతుల కోసం, అయినా దగ్గర్లో ఏ డాక్టరు అందుబాటులో ఉన్నారో ఆ నంబరుకి చేసి అడగడంలో తప్పు లేదు.

ఈ ఆసుపత్రిలో ఎక్స్‌రే ఉండకపోవచ్చు, పిల్లికి సరిపోయే మత్తు సదుపాయం ఉండకపోవచ్చు. కానీ నొప్పి ఇంజెక్షను, సెలైన్, గాయం శుభ్రం చేయడం, రక్తం ఆపడం జరుగుతాయి. మొదటి రాత్రికి కావలసినవి అవే.

ఆపరేషన్ దాకా వస్తే వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్ని తలుచుకోండి. అక్కడ విద్యార్థులు నేర్చుకుంటారు, పక్కనే ప్రొఫెసర్లు ఉంటారు, ఖర్చు ప్రైవేటు కంటే బాగా తక్కువ. మా రాయగడ, పర్లాకిమిడి వాళ్ళకి విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది. బరంపురం, ఛత్రపురం వైపు వాళ్ళకి భువనేశ్వర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ వెటర్నరీ కాలేజీ ఉంది. మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న మన వాళ్ళకి కూడా ఇదే మాట చెప్తాను: చంద్రపూర్, గడ్చిరోలి వాళ్ళకి నాగపూర్ కాలేజీ, నాందేడ్ వాళ్ళకి పర్భణీ కాలేజీ, సిరొంచ వాళ్ళు ఇటు తెలంగాణలో వరంగల్ దగ్గర మామునూరు కాలేజీకి వెళ్ళొచ్చు. ఎక్కడికైనా బయలుదేరే ముందు ఫోన్ చేసి, పిల్లుల ఆపరేషన్ చేసే డాక్టరు ఆ రోజు ఉన్నారా అని అడగండి. సెలవు రోజు అంత దూరం వెళ్ళి తిరిగి రావడం పిల్లికి మంచిది కాదు, జేబుకీ మంచిది కాదు.

ప్రయాణం ఖర్చుని చిన్నచూపు చూడకండి. రాయగడ నుంచి విజయనగరం కారు మాట్లాడుకుంటే ఆపరేషన్‌లో సగం డబ్బు అక్కడే అయిపోతుంది. మా వీధిలో కూరగాయల వ్యాను నడిపే తమ్ముడు పార్వతీపురం మార్కెట్‌కి ఎలాగూ వెళ్తాడు. గంప వెనక పెట్టుకుని నేను ముందు కూర్చుంటాను, డీజిల్‌కి మూడొందలు ఇస్తే తీసుకుంటాడు. అక్కడి నుంచి బస్సు. కండక్టరుకి గంప చూపించి ముందే చెప్పి ఎక్కాలి. రైల్లో వెళ్ళాలంటే స్టేషన్ పార్శిల్ ఆఫీసులో అడిగి వెళ్ళండి.

డాక్టరుతో డబ్బు మాట ముందే

అన్నింటికంటే ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే. మన వాళ్ళకి డాక్టరు దగ్గర డబ్బు లేదని చెప్పడం నామోషీ. అన్నింటికీ తల ఊపి, చివర్లో బిల్లు చూసి ఏడుస్తారు. ముందే చెప్పండి. గదిలోకి వెళ్ళగానే, పిల్లిని బల్ల మీద పెట్టి, ఇలా అనండి: "డాక్టరు గారూ, ఇది వీధి పిల్లి. నా దగ్గర ఈ రోజు రెండు వేల ఐదొందలు ఉన్నాయి. దీంట్లో ముందు ప్రాణం నిలబెట్టేది ఏదో అది చేయండి. మిగతావి ఎప్పటిలోగా చేయాలో చెప్పండి, నేను సర్దుకుంటాను."

ఇలా చెప్పినందుకు నన్ను కసిరిన డాక్టరు ఒక్కరూ లేరు. ఎంత డబ్బుందో తెలిస్తే వాళ్ళకీ దారి దొరుకుతుంది. ఒకే దెబ్బకి రెండు మూడు రకాల వైద్యం ఉంటుంది, మనం చెప్పకపోతే వాళ్ళు అన్నింటికంటే పూర్తి వైద్యమే చెప్తారు, చెప్పాలి కూడా.

తర్వాత అడగవలసినవి. ఏ పరీక్ష ఫలితం వస్తే వైద్యం మారుతుంది? ఏ ఫలితం వచ్చినా చేసేది అదే అయితే ఆ పరీక్ష ఇప్పుడు అవసరమా? ఆపరేషన్ ఎన్ని రోజులు ఆగగలదు? ఆపరేషన్ లేకుండా మానే అవకాశం ఉందా? ఆసుపత్రిలో ఉంచకుండా నేను ఇంటి దగ్గర చూసుకునేది ఏది? అంచనా కాగితం మీద రాసిస్తారా?

విరిగిన ఎముకకి అదే రాత్రి ఆపరేషన్ చేయడం మామూలుగా జరగదు. బండి తగిలిన పిల్లి ముందు షాక్‌లోంచి తేరుకోవాలి, ఛాతీలో దెబ్బ ఉందో లేదో చూడాలి. అప్పటిదాకా మత్తు ఇవ్వడమే ప్రమాదం. ఆ ఒకటి రెండు రోజులు డబ్బు సర్దుకోవడానికి మనకి దొరికిన సమయం. ఈ సంగతి తెలియక చాలామంది మొదటి గంటలోనే ఆశ వదిలేస్తారు.

మా బెల్లం సంగతి చెప్తాను. బెల్లం రంగు గండుపిల్లి, స్టేషన్ రోడ్డులో ఆటో తగిలింది. కింది దవడ మధ్యలో విడిపోయింది, వెనక భాగం ఈడ్చుకుంటోంది. మా పక్కింటి పెద్దమ్మ, "ఏటమ్మా, ఇది బతికే పిల్లేటి?" అంది. గవర్నమెంట్ డాక్టరు గారు ఒడియా ఆయన, తెలుగు బాగా వచ్చు. నొప్పికీ షాక్‌కీ ఇంజెక్షన్లు, సెలైన్ ఇచ్చారు. బయట కొన్న మందులు 640 రూపాయలు. "అమ్మా, మూత్రం పోస్తోందా చూడు, తోక గిల్లితే తెలుస్తోందా చూడు, రెండూ ఉంటే ఆశ ఉంది" అన్నారు. రెండూ ఉన్నాయి. తర్వాత ఎక్స్‌రే తీయిస్తే కటి ఎముక విరిగిందని తేలింది. ఒక క్లినిక్‌లో ప్లేటు వేయాలని, 22,000 అవుతుందని చెప్పారు. నేను ఎక్స్‌రే ఫిల్మ్ అడిగి తీసుకున్నాను. డబ్బు కట్టాం కాబట్టి ఆ ఫిల్మ్ మనదే, అడగండి. కిటికీ వెలుతురుకి పెట్టి ఫోటో తీసి, విజయనగరంలో ఇంకో డాక్టరుకి పంపించాను. ఆయన చూసి, తుంటి గిన్నె బాగానే ఉందని, మలం వెళ్ళే దారి ఇరుకు కాలేదని, బోనులో కదలకుండా ఉంచితే అతుక్కుంటుందని చెప్పారు. దవడకి మాత్రం తీగ వేయాలన్నారు. అంచనా 6,800.

పిల్లుల కటి ఎముక విరుగుళ్ళు చాలావరకు నాలుగు నుంచి ఆరు వారాల బోను విశ్రాంతితో మానతాయి. అన్నీ మానవు. అందుకే రెండో డాక్టరు కన్ను అవసరం. కాలు నుజ్జయితే ప్లేట్లూ రాడ్లూ వేయించే కంటే కాలు తీసేయడం చవక, త్వరగా మానుతుంది కూడా. వినడానికి కష్టంగా ఉంటుంది. మూడు కాళ్ళ పిల్లి గోడ ఎక్కగలదు, ఎలకని పట్టగలదు. డబ్బు తక్కువని కాలు తీయించాల్సి వస్తే దానికి అన్యాయం చేశామని కుమిలిపోకండి.

మిగతా డబ్బు

ముందు మందుల్లో తగ్గించుకోండి. సెలైన్ సీసాలు, సిరంజీలు, దూది, బెటాడిన్, కొన్ని యాంటీబయాటిక్ సిరప్‌లు మనుషుల మందుల షాపులో దొరికేవే. డాక్టరు గారిని బ్రాండు పేరు కాకుండా మందు పేరు రాయమని అడిగి జన ఔషధి కేంద్రంలో చూడండి. మోతాదు మాత్రం డాక్టరు చెప్పిందే. పిల్లి బరువు మూడు నాలుగు కిలోలే, అర మిల్లీలీటరు తేడా కూడా తేడాయే.

తర్వాత అడగడం. పదివేల లోపు మొత్తానికి ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే మిలాప్, కెట్టో లాంటి వాటి కంటే మన వాట్సాప్ గ్రూపులే త్వరగా పనిచేస్తాయి. మిలాప్ లాంటి వాటిలో కాగితాలు చూపించి డబ్బు చేతికి రావడానికి సమయం పడుతుంది, పెద్ద ఆపరేషన్‌కైతే సరే. గ్రూపులో పెట్టే మెసేజ్ ఎలా ఉండాలో, బెల్లం కోసం నేను పెట్టిందే ఇస్తున్నాను:

"స్టేషన్ రోడ్డులో ఆటో తగిలిన గండుపిల్లి. ప్రాణాపాయం దాటింది. దవడకి తీగ వేయాలి. డాక్టరు రాసిచ్చిన అంచనా 6,800, కాగితం కింద ఉంది. మా దగ్గర 2,500 ఉంది. కావలసింది 4,300, గురువారం ఉదయంలోగా. వంద అయినా సరే. నేరుగా క్లినిక్‌కే పంపొచ్చు, వాళ్ళ క్యూఆర్ ఇదిగో. పంపిన వాళ్ళు పేరు చెప్పండి, బిల్లు ఇక్కడే పెడతాను."

ఇందులో ఎందుకు అలా రాశానో చూడండి. ఎంత తక్కువైందో అంకె ఉంది, ఎప్పటికో ఉంది, డబ్బు నా చేతికి రానక్కర్లేదు. "దయచేసి సాయం చేయండి" అని మాత్రమే రాస్తే జనం జాలిపడి ముందుకు వెళ్ళిపోతారు. రక్తం కారే ఫోటో పెట్టకండి. ముఖం కనిపించే ఫోటో ఒకటి చాలు. మా ఊళ్ళో గ్రూపులో సగం మంది ఒడియా చదివేవాళ్ళే, కాబట్టి అదే మెసేజ్ ఒడియాలో కూడా పెట్టాను. ఒడియా చదివిన ఒక మాస్టారు గారు అందరికంటే ఎక్కువ ఇచ్చారు. మొత్తం చేరగానే "ఇక చాలు, పంపకండి" అని రాయండి. వచ్చే ఏడాది మళ్ళీ అడిగినప్పుడు ఆ మాటే మీకు పూచీగా నిలబడుతుంది.

అప్పు తప్పదంటే సంఘంలో తీసుకోండి. ఒడిశాలో మిషన్ శక్తి కింద 2001 నుంచీ మహిళా సంఘాలు నడుస్తున్నాయి, మాకు పొదుపు డబ్బు మీద లోపల్లోపల చిన్న అప్పులు ఇచ్చుకునే అలవాటు ఉంది. నేను సంఘంలో కారణం దాచకుండా చెప్పే తీసుకుంటాను. ఫోన్‌లో నిమిషంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి మాత్రం వెళ్ళకండి. మీ ఫోన్‌లో నంబర్లన్నీ లాక్కుని, ఒక వాయిదా తప్పితే మీ చుట్టాలందరికీ ఫోన్ చేసి పరువు తీస్తారు. పిల్లి కోసం మెడలో గొలుసు తాకట్టు పెట్టడం కూడా నేను వద్దనే చెప్తాను. మీ ఇల్లు కుదురుగా ఉంటేనే రేపు ఇంకో పిల్లిని చూడగలరు.

క్లినిక్‌లో వాయిదాలు అడగొచ్చు. సగం ఇప్పుడు, సగం పదిహేను రోజుల్లో అని చెప్పి, చెప్పిన తేదీకి కట్టండి. ఒకసారి మాట నిలబెట్టుకుంటే రెండోసారి వాళ్ళే మొత్తం తగ్గిస్తారు. జంతు సంరక్షణ సంఘాల్ని కూడా అడగండి. 2001 నాటి నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో ఎస్‌పీసీఏ, అంటే జంతుహింస నివారణ సంఘం, ఉండాలి, కలెక్టరు ఆఫీసులోనో సీడీవీఓ ఆఫీసులోనో వాకబు చేయండి. విశాఖలో విశాఖ ఎస్‌పీసీఏ ఉంది. జంతు సంక్షేమ బోర్డు సాయం గుర్తింపు ఉన్న సంస్థల ద్వారా వస్తుంది, మనలాంటి ఒక్క మనిషికి నేరుగా రాదు, కాబట్టి దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఎవరైనా కావాలని కొట్టి గాయపరిస్తే పోలీసు ఫిర్యాదు ఇవ్వొచ్చు, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఉంది. డాక్టరు రాసిన కాగితం దానికి కావాలి, పారేయకండి.

ఇంటి దగ్గర

ఆసుపత్రిలో రోజుకింత అని ఉంచడమే బిల్లు పెంచుతుంది. డాక్టరు ఒప్పుకుంటే ఇంటికి తెచ్చుకుని నర్సింగ్ మనమే చేయొచ్చు. చర్మం కింద సెలైన్ ఎక్కించడం ఎలాగో నాకు డాక్టరు గారే చేసి చూపించారు. సూది పట్టుకున్న చేతులు కాబట్టి నాకు తొందరగా వచ్చింది, మీకూ వస్తుంది.

బోను కొనలేకపోతే కోళ్ళ గూడు అడిగి తెచ్చుకోండి, లేదా రెండు పెద్ద ప్లాస్టిక్ కూరగాయల ట్రేలు కలిపి కట్టి పైన వల వేయండి. అందులో పాత చీర మడత, చిన్న గిన్నెలో ఇసుక. ఇసుకలో మూత్రం పడుతోందా, మలం ఎన్ని రోజులకి వస్తోందో రోజూ రాసుకోండి. డాక్టరు ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న అదే. పడుకుని ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి ఇరవై, ముప్ఫై మామూలు. నలభై దాటుతోందంటే ఫోన్ చేయండి.

తిండి మానేసిన పిల్లి మందులకి కూడా లొంగదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయానికి కొవ్వు పడుతుంది, అది ఇంకో పెద్ద జబ్బు. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడి మాంసం మెత్తగా రుబ్బి, ఆ నీళ్ళతోనే పల్చన చేసి, కొంచెం వెచ్చగా ఇవ్వండి. వెచ్చదనానికి వాసన లేస్తుంది, వాసనకే పిల్లి తింటుంది. దవడకి తీగ ఉన్న బెల్లానికి సూది తీసేసిన సిరంజితో చెంప పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టించాను. మింగే దాకా ఆగి మళ్ళీ ఇవ్వాలి. ఎండు చేపలు పెట్టకండి, ఉప్పు ఎక్కువ.

ఆపాలా వద్దా

కొన్నిసార్లు డబ్బు ఉన్నా ఆగాలి. వెన్నుపాము తెగి, వెనక కాలి వేలిని గట్టిగా నొక్కినా ఏమీ తెలియని పిల్లికి డాక్టరు నిద్రమందుతో వెళ్ళనివ్వమంటే, ఇంకో డాక్టరుని ఒకసారి అడగండి. ఆయనా అదే అంటే ఒప్పుకోండి. ఆ సమయంలో పక్కన ఉండండి, పిల్లికి తెలిసిన గొంతు వినిపించాలి. డబ్బు లేక ఆ నిర్ణయం తీసుకోవాల్సి వస్తున్నట్టయితే డాక్టరుకి ఆ మాటే సూటిగా చెప్పండి. "డబ్బు ఉంటే ఇది బాగుపడుతుందా?" అని అడగండి. "పడుతుంది" అంటే ఆ రాత్రికి నొప్పి ఇంజెక్షను వేయించి, పైన చెప్పిన మెసేజ్ పంపండి.

వీధి డబ్బా

బెల్లం తర్వాత మా వీధిలో కొన్ని ఇళ్ళ వాళ్ళం కలిసి నెలకి యాభై, వంద వేసుకుంటున్నాం. డబ్బు నా దగ్గర ఉండదు, కిరాణా షాపు వదినగారి దగ్గర ఉంటుంది. పుస్తకం నా దగ్గర ఉంటుంది. డబ్బు ఒకరి దగ్గర, లెక్క ఇంకొకరి దగ్గర ఉంటే ఎవరికీ అనుమానం రాదు. మొదటి రాత్రి ఖర్చుకి ఎవరినీ అడగకుండా వెయ్యి దాకా తీయొచ్చు, అంతకు మించితే ముగ్గురి మాట కావాలి. ఏ నెలైనా ఎమర్జెన్సీ రాకపోతే ఆ డబ్బుతో ఒక ఆడపిల్లికో గండుపిల్లికో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి టీకా వేయిస్తాం. ఆపరేషన్ అయిన గండుపిల్లులు రోడ్డు దాటి అంత దూరం తిరగవు, అంతగా కొట్టుకోవు, అందువల్ల మాకు చీముగడ్డల ఖర్చు తగ్గింది. మీరు మొదలుపెట్టేటప్పుడు పుస్తకం మొదటి పేజీలో ఈ నాలుగూ రాయండి: గవర్నమెంట్ డాక్టరు నంబరు, సీడీవీఓ ఆఫీసు నంబరు, ఆపరేషన్ చేసే దగ్గరి కాలేజీ నంబరు, రాత్రి ఎప్పుడు లేపినా వచ్చే బండి వాళ్ళ నంబరు.